నాన్న సగం చెప్పిన కథ

ఆ కుర్చీ చిన్నపిల్లలది. పసుపుపచ్చ ప్లాస్టిక్ కుర్చీ. అందులో కూలబడేసరికి ఎల్లారావు మోకాళ్ళు గడ్డం దాకా వచ్చేశాయి, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక మోకాళ్ళ చుట్టూ వేసుకున్నాడు, అలా ముడుచుకోగానే ఒంటికి వెచ్చగా తగిలి రెప్పలు వాలిపోబోయాయి. వాలకూడదు. ఇంకాసేపట్లో తన వంతు. రాత్రంతా క్రేను మీద కూర్చుని, తెల్లారి ప్లాంటు గేటు దాటి, ఇంటికెళ్ళి నెత్తి మీద నీళ్ళు గుమ్మరించుకుని, నీలిమ చేసిపెట్టి వెళ్ళిన ఉప్మా నిలబడే తిని, పిల్లకి బూట్లు తొడిగి, బండి మీద ముందు కూర్చోబెట్టుకుని తిన్నగా ఈ బడికి వచ్చేశాడు. మంచం వైపు చూడలేదు, చూస్తే ఇంక రాలేడు. నీలిమ గాజువాకలో ఒక ఆస్పత్రి రిసెప్షన్‌లో కొత్తగా చేరింది, సెలవు దొరకదు. "శుక్రోరం శుక్రోరం ఇద్దరు పిల్లల అమ్మో నాన్నో వొచ్చి కద సెప్పాలంట. ఈసారి మన సందన వంతు. నువ్వే ఎల్లాల," అంది నిన్న అతను షిఫ్టుకి బయల్దేరుతుంటే. "నాకేటి కదలొచ్చు?" అన్నాడు. "ఏదోటి సెప్పు. అందరి నాన్నలూ సెప్తన్నారు," అంది, అని టిఫిన్ డబ్బా చేతికిచ్చింది. ఏదోటి. రాత్రి కాబిన్లో కూర్చున్నంతసేపూ ఆ ఏదోటి కోసమే వెతికాడు, కరిగిన ఉక్కు నిండిన గుండిగ కొక్కేనికి వేలాడుతూ కింద మెల్లగా కదులుతుంటే దాని ఎర్రటి వెలుగు అద్దం మీద పడుతుంటే కూడా, కథ, ఒక కథ, ఏదైనా ఒక కథ.

ఎదర ఆకుపచ్చ చాప మీద పిల్లలంతా కూర్చున్నారు. వాళ్ళ ముందు రోహిత్ అనే పిల్లాడి తల్లి పద్మావతి గారు చెబుతోంది, ఒక పిల్లి దోసెల పిండి గిన్నెలో పడిందట, పైకొచ్చేసరికి తెల్లగా అయిపోయిందట, ఇంటికెళ్తే వాళ్ళమ్మ గుర్తుపట్టక తలుపేసేసిందట. పిల్లలు గోల. "అప్పుడూ?" అని ఒకడు మోకాళ్ళ మీద లేచాడు. "నాక్కుంటే పోద్ది కదా ఆంటీ!" అని ఇంకొకర్తి. రెండో వరసలో గోడ వారగా చందన. హరిచందన అని పెట్టుకున్నారు గానీ ఆ పేరు రిజిస్టర్లో ఉంది, పిలవడానికి చందనే. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అరవడం లేదు. కానీ పెదవులు కదులుతున్నాయి. పద్మావతి గారు ఏ మాట అంటే ఆ మాటకి, పిండి, గిన్నె, తలుపు, చప్పుడు లేకుండా కదులుతున్నాయి. ఎల్లారావు ముందుకి వంగి చూశాడు. నాకు తెలిసిన పిల్లేనా ఇది? నలుగురి మధ్యలో దీన్ని ఎప్పుడు చూశాను? ఎప్పుడూ చూళ్ళేదు. చూసిందల్లా తలుపు సందులోంచి. నిద్రపోతూ ఉన్న పిల్లని చూస్తాడు, నిద్రపోతూ ఉన్న తనని ఆ పిల్ల చూస్తుంది.

రాత్రి షిఫ్టు వారంలో ఇల్లు అలాగే ఉంటుంది. కిటికీకి దుప్పటి కట్టి, పట్టపగలు చీకటి చేసుకుని పడుకుంటాడు. తలుపవతల నీలిమ కుక్కర్ కూత రాకముందే దించేస్తుంది, కుళాయి సన్నధార వదిలి కింద గుడ్డ పెడుతుంది చప్పుడవకుండా, టీవీలో బొమ్మలు మాట్లాడకుండా కదులుతుంటాయి. పిల్ల నడక నేర్చిన కొత్తలో వాళ్ళమ్మమ్మ వెండి గజ్జెలు తెచ్చి పెట్టింది, ఘల్లుఘల్లుమని ఇల్లంతా తిరిగింది రెండ్రోజులు, మూడోరోజు అతను లేచి "ఏటా సప్పుడు?" అన్నాడు, అంతే, అంతకంటే ఏమీ అన్లేదు, గజ్జెలు బీరువాలోకి వెళ్ళిపోయాయి. ఎవరూ ఎవర్నీ తిట్టుకున్నది లేదు ఆ ఇంట్లో. మెత్తగా నడుస్తారు, మెత్తగా తలుపేస్తారు. తను మాత్రం ఆ చీకట్లో కళ్ళు తెరుచుకుని పడుకుని, నిద్ర రాక, అవతల తన పెళ్ళాం పిల్లా సైగలు చేసుకుంటూ బతుకుతున్నారని తెలిసి, లేచి వెళ్ళి వాళ్ళ మధ్య కూర్చుందామా అనుకుంటాడు. వెళ్తే వాళ్ళు ఉలిక్కిపడతారు. "లేపీసేమా?" అంటుంది నీలిమ తప్పు చేసిన దాన్లాగ. అందుకని లేవడు. నిద్రపోతున్నట్టే పడుకుంటాడు.

అనూరాధ మేడమ్ నీలిమని పిలిచి మాట్లాడింది పోయిన నెల. ఆ టీచరు నెమ్మదిగా, మాట మాట విడదీసి మాట్లాడుతుందట, కృష్ణా జిల్లా వైపు వాళ్ళట. చందనకి చెవులు బాగానే ఉన్నాయి, తెలివి ఉంది, బొమ్మ చూపిస్తే పేరు చెవిలో చెబుతుంది, కానీ చెవిలోనే చెబుతుంది, అదీ ఒక్క మాటే, రెండో మాట దానికి తగిలించదు అందట. ఇంట్లో ఏం మాటలు మాట్లాడతారమ్మా అని అడిగిందట. నీలిమ ఆలోచించి చెప్పిందట. రా, తిను, ఉండు, వద్దు, మెల్లగా, నాన్న పడుకున్నారు. ఆ టీచరు నవ్వలేదట. "ఇవన్నీ ఎదురుగా ఉన్న పనికి సరిపోయే మాటలమ్మా. ఎదురుగా లేనిదాని గురించి మాట్లాడాలంటే వేరే మాటలు కావాలి. ఎందుకంటే, అంతలో, లేకపోతే, అయినా, ఇవి అన్నం తినిపించేటప్పుడు రావు, కథలో వస్తాయి. ఒకే కథ పదిసార్లు వింటే పదకొండోసారి వాళ్ళే చెబుతారు. పిల్ల మాట్లాడకపోయినా పర్లేదు, మీరు చెప్పండి, అది లోపల పోగేసుకుంటూ ఉంటుంది," అందట. నీలిమ ఇదంతా బండి పక్కన నిలబడి చెప్పింది, ఇంట్లో చెబితే గొంతు పెరుగుతుందని కాబోలు. "ఐతే నా నిద్దర వల్లేనంటావా?" అన్నాడు. "నాను అలగన్నానా?" అంది. నీలిమ మాత్రం అప్పట్నుంచి సాయంత్రాలు పిల్లని పార్కుకి తీసుకెళ్ళి ఏవో చెబుతోంది. అతనికి సాయంత్రమంటే షిఫ్టుకి బట్టలు మార్చుకునే వేళ.

అతను చేసే పనికీ మాటలక్కర్లేదు. ఎత్తున అద్దాల కాబిన్లో ఒక్కడూ. కింద మనుషులంటే హెల్మెట్లే, పసుపువీ తెల్లవీ. ఒక చెయ్యి పైకి తిప్పితే లేపమని, అరచెయ్యి కిందికి ఊపితే దించమని, పిడికిలి బిగిస్తే ఆపమని. హారన్ ఒకసారి, రెండుసార్లు. వాకీటాకీలో ఎవరో "బావా, కొంచెం తూరుపుకి" అంటారు, అతను "ఊఁ" అంటాడు. ఆ ఊఁ తప్ప ఏమీ అనకుండా దిగిన రాత్రులున్నాయి. దిగి లాకర్ గదిలో ఎవరైనా పలకరిస్తే గొంతు పెగలడానికి టైము పడుతుంది, దగ్గితేగాని రాదు. ఇప్పుడు కూడా దగ్గి చూసుకున్నాడు. పద్మావతి గారు వెనక్కి చూసింది. కథ అయిపోవస్తున్నట్టుంది, పిల్లిని వాళ్ళమ్మ వాసన చూసి గుర్తుపట్టిందట. నాకేం కథలొచ్చు? మా ఇంట్లో కథలెవరు చెప్పారు? అమ్మ పొలం, నాన్న పొలం, నాన్న అసలే మాటకి కరువు. మాట్లాడని నాన్న. తనకి ఎనిమిదేళ్ళప్పుడు గేదె తప్పిపోయింది, చీపురుపల్లి అవతల వాళ్ళ ఊళ్ళో, వాన కురిసిన సాయంత్రం, ఇదేదో చెప్పొచ్చేమో, గేదె అంటే పిల్లలకి తెలుసు, టౌన్‌షిప్ రోడ్ల మీద రోజూ కనిపిస్తాయి. కానీ దాని చివర? చివర ఎలా చెప్తావు? చూద్దాం, అక్కడికొచ్చాక చూసుకుందాం.

"చందన వాళ్ళ నాన్నగారు," అని పిలిచింది అనూరాధ మేడమ్.

కుర్చీ అతనితో పాటు లేచింది, నడుముకి ఇరుక్కుని. పిల్లలు పడీపడీ నవ్వారు. చందన తలొంచుకుంది. కుర్చీ ఊడదీసుకుని, ముందుకి తెచ్చి వేసుకుని, మళ్ళీ అందులోనే కూర్చున్నాడు. "ఒకూర్లో ఒకబ్బాయి ఉన్నాడు," అన్నాడు, గొంతు మరీ పెద్దగా వచ్చింది, ముందు వరసలో ఒక పిల్ల చెవులు మూసుకుంది. తగ్గించాడు. "ఆడికి గేదెలున్నాయి. అంటే ఆల నాన్నవి. వాటిని గెడ్డ అవతలికి తోలుకెల్లి మేపాల."

"గెడ్డ అంటే ఇదా?" అని రోహిత్ తన గడ్డం పట్టుకుని చూపించాడు.

ఎల్లారావుకి నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో. "అది గడ్డం. గెడ్డంటే నీల్లు. కొండల్నించి పారతాది కదా, ఏరంత పెద్దది కాదు, కాలవలాగ సక్కగా ఉండదు. ఎండలకాలం ఇసకే. వానొస్తే మాత్రం ఎర్రటి నీల్లు, ఇంతేసి లోతు." చెయ్యి తలపైకెత్తి చూపించాడు. పిల్లలు కూడా చేతులెత్తారు. "గెడ్డ, గెడ్డ," అని ఇద్దరు ముగ్గురు ఆ మాటని నోట్లో వేసుకుని చూశారు. చందన పెదవులు కూడా కదిలాయి, అతను చూశాడు. ఆ చూడ్డంతో మాట దానంతటది రావడం మొదలుపెట్టింది. అబ్బాయి చింతపిక్కలాట ఆడుకుంటూ ఉన్నాడని చెప్పాడు, మబ్బు పట్టింది చూసుకోలేదని, అంతలో వాన దబదబా కొట్టేసిందని, గేదెలన్నీ వాటంతటవే ఇంటి దారి పట్టాయని, ఇంటికొచ్చి లెక్క చూస్తే ఒకటి లేదని. "ఏడిచాడా?" అనడిగారు. "ఏడిచాడు." "వాళ్ళ నాన్న కొట్టాడా?" "కొట్టలేదు. ఏటీ అన్లేదు." "ఏమీ అనకపోతే మంచిదే కదా అంకుల్?" అబ్బాయి మళ్ళీ వెనక్కి పరిగెత్తాడని చెప్పాడు. దాని మెడలో గంట ఉంది, ఆ గంట వినిపించింది ఒకసారి చెరుకు తోటలోంచి, అటు వెళ్తే జీడితోటలోంచి, అటు వెళ్తే మళ్ళీ ఎక్కడో దూరంగా. బట్టలన్నీ తడిసిపోయాయి. కాళ్ళు పీకేస్తున్నాయి. పొలంగట్టు మీద కూర్చున్నాడు. సన్నగా జల్లు పడతా ఉంది. ఒక్కడే. "అలగ కూకుని సెవులొగ్గి ఇంటన్నాడు," అన్నాడు ఎల్లారావు, "ఇంటన్నాడు, గంట ఇనబడతాదేమోనని."

పిల్లలు వింటున్నారు. ఎంత నిశ్శబ్దంగా వింటున్నారో. పైన ఫ్యాను తిరుగుతోంది, గాలి చల్లగా, తడిబట్టల మీద గాలి, గట్టు మెత్తగా, అరికాళ్ళ కింద గడ్డి, అటు తూర్పున మబ్బు చీలి కొంచెం వెలుగొచ్చింది ఎర్రగా, అది సూర్యుడు కాదు, గుండిగ, కింద మెల్లగా జరుగుతోంది, ఎవరో చెయ్యూపుతున్నారు దించమని, దించుతాను బావా, ఉండు, గేదె ఉంది కింద, చూసుకోండి, పక్కకి తొలగమనండి, దానికి హెల్మెట్ లేదు, హారన్ కొట్టాలి, ఒకసారి, కొడితే గంట మోగింది, అదుగో మోగింది, నాన్న గట్టు మీంచి నడిచొస్తున్నాడు గొంగడి కప్పుకుని, ఏమీ అనడు, ఏమీ అనకుండా వచ్చి పక్కన నిలబడతాడు, ఏదైనా అను నాన్నా, తిట్టు, నాను చూసుకోలేదు, ఆడుకుంటన్నాను, తిట్టేయ్, వాన ఆగిపోయింది, ఆగలేదు, వాన చప్పుడవుతోంది గానీ ఒంటి మీద పడ్డం లేదు.

మెడ పట్టేసింది. కళ్ళు తెరిస్తే ఆకుపచ్చ చాప, దాని మీద ఎవరూ లేరు. ఒక మూల చిన్న చెప్పొకటి బోర్లా పడుంది. కిటికీ తెర లాగేసి ఉంది, ముఖం మీద ఎండ పడకుండా. బయట్నుంచి పిల్లల కేకలు. బల్ల దగ్గర అనూరాధ మేడమ్ రంగుకాగితాలు కత్తిరించుకుంటోంది, కత్తెర చప్పుడు కూడా రానివ్వకుండా. ఆవిడ కూడానా, అనిపించింది ముందు. తర్వాత తెలిసొచ్చింది. కథ చెబుతూ చెబుతూ, అంతమంది పిల్లల ముందు, పిల్ల పరువు తీసేసి నిద్రపోయాడు.

"సెమించండి మేడమ్. నైటు డూటీ. నాను రాకుండా ఉండాల్సింది."

"కూర్చోండి ముందు," అందావిడ. మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ఇచ్చింది. కత్తెర పక్కన పెట్టింది. ముఖంలో ఏదో వెలుగుంది, చెప్పాలని ఆత్రం, మామూలుగా ఆవిడకి ఉండదు కాబోలు, మాటలు విడదీయడం మర్చిపోయింది. "మీరు గంట కోసం వింటున్నాడని ఆగారు. మేం కథలో భాగమే అనుకున్నామండీ. పిల్లలంతా చెవులు రిక్కించి కూర్చున్నారు. తర్వాత మీ తల వాలిపోయింది. రోహిత్ మిమ్మల్ని లేపడానికి అరవబోయాడు. చందన లేచి వచ్చేసింది. వచ్చి మీ పక్కన నిలబడి, లేపకండి, అంది. ఆ అబ్బాయి పడుకున్నాడు, అంది. పిల్లలు ఎందుకు అనడిగారు. ఎందుకంటే బాగా తిరిగాడు కదా, అంది."

ఎల్లారావు గ్లాసు బల్ల మీద పెట్టేసి చాప వైపు చూశాడు.

"ఆగలేదండీ అక్కడ. గుసగుసగానే చెప్పింది, వినపడక పిల్లలంతా చాప మీద జరిగి జరిగి దాని చుట్టూ చేరారు. అంతలో గేదె వచ్చిందట. దానంతటదే వెతుక్కుంటూ వచ్చిందట. వచ్చి అబ్బాయిని లేపలేదట, వాడి మీద అడ్డంగా నిలబడిందట, లేకపోతే వాన పడుతుంది కదా, అంది. వాడు లేచేదాకా కదలకుండా అలాగే నిలబడిందట." ఆవిడ గోడ వైపు చూపించింది. "జూన్ నుంచీ ప్రతి శుక్రవారం ఆ గోడ పక్కన కూర్చుని విన్నదేనండీ ఆ పిల్ల. ఒక్క మాట బయటికి రాలేదు. ఎక్కణ్ణుంచి తీసిందో అన్నీ ఇవాళ. నేను చెప్తుంటే బాగా లేదు గానీ, అది చెప్పినట్టు నాకు రాదు. మీరు వినాల్సింది."

వినాల్సింది. ఆ గదిలో అందరూ విన్నారు. రోహిత్ విన్నాడు, చెవులు మూసుకున్న పిల్ల విన్నది, పద్మావతి గారు వినే ఉంటుంది. ఈ పిల్ల నోరు తెరిచి మొదటిసారి నలుగురికి ఒక కథ చెప్పినప్పుడు దానికి అందరికన్నా దగ్గరగా, మూరెడు దూరంలో ఉన్నవాడు తనే, వినని వాడూ తనొక్కడే. "మళ్ళీ చెప్పమని అడగనా పిలిచి?" అంది అనూరాధ మేడమ్. "వొద్దండి," అన్నాడు. అడిగితే వచ్చేది కాదు అది, ఆ మాత్రం తెలుసు. గేదె వచ్చి నిలబడిందట. నిజానికి మర్నాడు తెల్లారి ఊరివాళ్ళు గెడ్డలో, కింద కల్వర్టు దగ్గర, తుంగలో చిక్కుకుపోయిన దాన్ని చూశారు. పొట్ట ఉబ్బిపోయి ఉంది. నాన్న దాని మెడలో గంట విప్పి ఇంటికి తెచ్చి గూట్లో పెట్టాడు, ఆ గేదె మాట ఆ ఇంట్లో ఎవరూ మళ్ళీ ఎత్తలేదు, తనతో చాలా రోజులు ఏ మాటా ఎత్తలేదు. పిల్లకి ఇది తెలీదు. తెలీక, దాన్ని లేపి నడిపించుకొచ్చి గట్టు మీద నిలబెట్టింది.

బడి వదిలారు. బండి దగ్గరికి చందన నీళ్ళ సీసా మెళ్ళో వేసుకుని నడిచొచ్చింది. ఎప్పట్లాగే చెయ్యి చాపింది ఎత్తుకుని ముందు కూర్చోబెట్టమని, అతను కూర్చోబెట్టాడు, తాళం పెట్టాడు, తిప్పలేదు. "గేదె వొచ్చిందంట కదా?" అన్నాడు. పిల్ల ఏదో అంది. రోడ్డు మీద ప్లాంటు బస్సు వెళ్తోంది, వినపడలేదు. అతను బండి దిగి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు, పిల్ల ముఖానికి ముఖం. "ఇనబడ్లేదమ్మా. ఏటన్నావు?"

"వొచ్చింది," అంది చందన. ఇంకో బస్సు. "వొచ్చింది నాన్నా!" అని అరిచింది, అరిచి, తన గొంతుకి తనే తెల్లబోయి అతన్ని చూసింది. అతను కదల్లేదు. కొంచెంసేపు చూసి, ఇంకేమీ జరక్కపోయేసరికి, మామూలు గొంతుతో అడిగింది, "దాని పేరేటి?"

ముప్పయ్యేళ్ళు కావస్తోంది ఆ పేరు నోటంట వచ్చి. ఉందో లేదో అనుకున్నాడు గొంతులో. దగ్గాడు. "సుక్కమ్మ," అన్నాడు.

"సుక్కమ్మంటే?"

"నుదుటి మీద తెల్లటి సుక్కుండేదమ్మా దానికి. ఇదుగో, ఇక్కడ." వేలితో పిల్ల కనుబొమల మధ్య ముట్టుకున్నాడు. "ఒళ్ళంతా నలుపు, ఇక్కడొక్కటే తెలుపు. సీకట్లో ఆ సుక్క చూసే గుర్తుపట్టేవోళ్ళం. సేనా మంచిది. నాను పిలిస్తే వొచ్చీసేది. అలగుండేది."

చందన ఆ వేలిని పట్టుకుని, ముఖం చిట్లించి, ఏదో తేడా కనిపెట్టిన దానిలాగ అతని వైపు చూసింది.

"ఉండేదేటి నాన్నా?" అంది. "ఉంది కదా."

పిల్ల వదల్లేదు, వేలు ఊపుతూ జవాబు కోసం చూస్తోంది.

"ఉంది," అన్నాడు.